చాయ్ సాసర్ చోటు

పెళ్లికార్డుల ప్రూఫులో చుట్టి తెచ్చింది తస్నీమ్,
ఛత్తాబజార్ నుంచి నారాయణగూడ దాకా
ఆటోలో ఒళ్లో పెట్టుకుని.
జిరాక్స్ షాపు మీద రెండో అంతస్తు మాది.
కరెంటు పోయి అరగంట.
వాన వచ్చేలా ఉంది, రావడం లేదు.

బల్ల మీద పరిచి
నాలుగు మూలలా గులకరాళ్లు పెట్టాను.
సార్ ఇత్తడి తూకంరాళ్లు పెట్టమంటాడు.
కాగితానికి అంత బరువెందుకు?

మొదట చూసేది గీతల్ని కాదు.
కాగితం వాసన చూస్తాను.
ప్రెస్సు వాళ్ల కార్ట్రిడ్జ్, నలభై ఏళ్లది కావచ్చు,
అంచున పురుగు కొరికిన జాలీ.
తర్వాత సిరా:
దీపప్పొగ నలుపు,
ఇన్నేళ్లకీ గోధుమకు తిరగని
మొండి నలుపు.

ఫోన్ టార్చిని బల్లకు ఆనించి
వెలుగును నేలబారుగా పారిస్తే
అప్పుడు లేచాయి, నిద్రలోంచి లేచినట్టు.
ఇది భుజం నుంచి వచ్చిన గీత.
ఇది మణికట్టుది.
ఇక్కడ కలం నిండుగా ఉంది,
ఇక్కడ అడుగంటి గరగరమంటే
కాగితం పళ్లు బయటపెట్టింది.
ఇక్కడ విదిలించాడు. పదమూడు చుక్కలు,
తోకలన్నీ ఎడమకే.
ఉర్దూ రాసే చెయ్యి కదా, అనుకున్నాను,
విసుక్కున్నా కుడి నుంచే విసుక్కుంటుంది.
అక్షరం మాత్రం ఒక్కటీ లేదు.
అలిఫ్ లాంటిదొకటి
నిలబడబోయి మనసు మార్చుకుంది.

"ఎవరు వేశారు?"
"వేయలేదు మేడమ్. షుజాత్ మామూ
కార్డులు రాసేవాడు, కంప్యూటర్ వచ్చేదాకా.
దుకాణం మూసేముందు
కలం దీని మీదే తుడిచేవాడు."

కలం తుడిచిన కాగితం.
మా ఫారంలో దానికి గడి లేదు.

అయినా వదల్లేదు నేను.
"ఇటు చూడు తస్నీమ్,
నడిమికి కాస్త కుడిగా ఇంత తెలుపు.
ప్రతి గీతా దాని అంచుదాకా వచ్చి పక్కకి ఒరిగింది.
కలం తుడుచుకునేవాడికి
ఖాళీని కాపాడే ఓపిక ఉంటుందా?"
నా గొంతు నాకే ముద్దొచ్చింది.
పన్నెండేళ్ల సర్వీసు మాట్లాడింది.

తస్నీమ్ నవ్వు ఆపుకోలేదు.
"అక్కడ చాయ్ సాసర్ ఉండేది మేడమ్."

అప్పుడే వచ్చింది కరెంటు.
ఫ్యాన్ గాలికి మూల లేచి
ఒక గులకరాయి దొర్లింది.
భూతద్దం తీశాను. నిజమే.
పావువంతు వలయం, గోరంత గోధుమరంగు.

ఇంకాసేపు చూశాను,
ఓడినవాళ్లు చూసేలా.
సాసర్ ఒకటే. సాయంత్రాలు చాలా.
సిరా మీద సిరా ఆరి, దాని మీద మళ్లీ సిరా;
చాయ్ రాని రోజు కూడా
చెయ్యి ఆ గుండ్రాన్ని తప్పుకునే వెళ్లి ఉంటుంది.
వెంట్రుకంత గీత ఒక్కటే
లోపలికి వచ్చి, ఆగి ఉంది.
"రోజా ఉన్న నాడై ఉంటుంది," అంది తస్నీమ్.

ఎంత రావచ్చంది.
షట్టర్ అడ్వాన్సుకట.
తమ్ముడు ఫ్లెక్సీ మెషిన్ పెడతాడట.

అంకె రాశాను. కొట్టేశాను.
ఇంకా పెద్దది రాశాను.
సార్ తగ్గిస్తాడు, అది ఆయన పని.
సంతకం: లేదు.
మాధ్యమం: సిరా, చాయ్.

మొదట అడగాల్సింది చివర్న అడిగాను:
"ఇందులో ఏది పైవైపు?"

ఆమె కాసేపు ఆలోచించింది.
"మామూ కుడిచేతికి ఎప్పుడూ సిరా.
అందుకని ఎడమచేత్తో తాగేవాడు,
అమ్మీ తిట్టేది."
అంటూనే రాళ్లు తీసి పక్కన పెట్టి
కాగితాన్ని పూర్తిగా తిప్పింది.

తెలుపు ఎడమకి వచ్చింది.
పదమూడు చుక్కలూ కుడికి ఎగిరాయి.
నేను ఫారం ఇంకా మడవలేదు.